342 అప్‌డేట్లు పేరుకుపోయాయి, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న:

నమస్తే అండీ. ఏడాదిన్నరగా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 లినక్స్ వాడుతున్నాను. విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న ల్యాప్‌టాప్ అది. ఐదు నెలల కిందట థీసిస్‌లో ఒక చాప్టర్ మా గైడ్ గారికి పంపాల్సిన రాత్రి, అప్‌డేట్లు ఉన్నాయని విండో వస్తే ఇన్‌స్టాల్ నొక్కాను. రీస్టార్ట్ అయ్యాక స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. తెల్లవార్లూ కూర్చుని చివరికి మొత్తం చెరిపేసి మళ్లీ ఉబుంటు వేసుకున్నాను. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉండబట్టి బతికిపోయాను. మర్నాడే అప్‌డేట్ల సెట్టింగ్ ‘ఎప్పటికీ వద్దు’ అని మార్చేశాను. మొన్న చూస్తే 342 అప్‌డేట్లు పెండింగ్‌లో ఉన్నాయి. ఒక ఫ్రెండ్ బాగా నడుస్తున్నదాన్ని కెలకొద్దంటాడు. ఆర్చ్ లినక్స్ వాడే ఇంకో ఫ్రెండ్ రోజూ పొద్దున్నే చేసెయ్యమంటాడు. ఇది చాలదన్నట్టు మా పూర్వ విద్యార్థుల వెబ్‌సైట్ నడిచే డెబియన్ 12 సర్వర్ కూడా నా చేతిలోనే ఉంది. ఇంకో ఐదు వారాల్లో థీసిస్ ఇవ్వాలి. అప్‌డేట్ అన్న మాట వింటేనే టెన్షన్ వస్తోంది. అసలు ఎప్పుడు చేయాలి?

జవాబు:

ముందు ఆ రాత్రి సంగతి తేల్చుకుందాం. మీ భయం అక్కడే మొదలైంది. అది పోనంతవరకు నేను ఏ రోజు చెప్పినా మీకు ఇన్‌స్టాల్ నొక్కడానికి చెయ్యి రాదు.

మీరు రాసినదాన్ని బట్టి ఆ రాత్రి వచ్చినవాటిలో కొత్త కెర్నల్ ఉండి ఉంటుంది. కెర్నల్ అంటే హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రామ్‌లకూ మధ్య నిలబడి పని జరిపించే సిస్టమ్ గుండెకాయ. విడి గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్ కెర్నల్‌ను అంటిపెట్టుకుని పనిచేస్తుంది. కెర్నల్ మారిన ప్రతిసారీ దానికి సరిపోయే డ్రైవర్ మాడ్యూల్ కూడా సిద్ధం కావాలి. అది సిద్ధం కాకపోతే లోపల సిస్టమ్ లేచినా తెర మీద ఏమీ కనిపించదు. నల్ల స్క్రీన్ వెనక చాలాసార్లు ఉండే కారణం ఇదే. ఉబుంటు డెస్క్‌టాప్‌లో ఇంకో విషయం చాలామందికి తెలియదు. 22.04 అన్న పేరు అలాగే ఉంటుంది కానీ, లోపలి కెర్నల్ 5.15తో మొదలై మామూలు అప్‌డేట్ల ద్వారానే 6.8 దాకా వచ్చింది. ఇలా ఒక సిరీస్ నుంచి ఇంకో సిరీస్‌కు మారే రోజుల్లోనే డ్రైవర్లు ఎక్కువగా మొరాయిస్తాయి.

అయితే ఆ రాత్రి మీ పాత కెర్నల్ ఎక్కడికీ పోలేదు. కొత్తది పెట్టినప్పుడు ఉబుంటు అంతకుముందు నడిచినదాన్ని తీసెయ్యకుండా పక్కనే ఉంచుతుంది. ల్యాప్‌టాప్ ఆన్ చేసి, కంపెనీ లోగో వెళ్లిపోతుండగా ఎస్కేప్ కీ ఒక్కసారి నొక్కండి. బాగా పాత మెషీన్ అయితే ఆన్ చేసినప్పటి నుంచి షిఫ్ట్ నొక్కి పట్టుకోవాలి. ఏ కెర్నల్‌తో లేవాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. రెండో వరుసలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ ఫర్ ఉబుంటు’ అని ఉంటుంది. అందులోకి వెళ్తే కెర్నల్ నంబర్లు వరసగా కనిపిస్తాయి. పైన కొత్తది, దాని కింద పాతది, ఒక్కోదానికీ రికవరీ మోడ్ పేరుతో ఇంకో వరుస. రికవరీ అని రాసి లేని పాత నంబర్ మీదికి బాణం కీతో దిగి ఎంటర్ కొడితే, సిస్టమ్ ముందు రోజు ఉన్నట్టే లేస్తుంది. ఒక్క జాగ్రత్త: కంగారులో ఎస్కేప్‌ను టకటకా కొట్టకండి, మెనూ దాటిపోయి ఖాళీ ప్రాంప్ట్‌లో పడతారు.

ఆ రాత్రి ఎవరైనా పక్కన కూర్చుని ఈ మెనూ చూపించి ఉంటే మీరు చాప్టర్ పంపేసి హాయిగా పడుకునేవారు. ఉత్తరం చదువుతుంటే నాకు బాధనిపించింది అక్కడే. ఈ వారంలోనే, ఏ ఇబ్బందీ లేని పూట, ఊరికే ఒకసారి ఆ మెనూలోకి వెళ్లి చూసి రండి. అవసరం పడిన రోజు వెతుక్కోకుండా చేతికి అలవాటై ఉండాలి.

ఇక అసలు ప్రశ్న. మీ ఫ్రెండ్స్ ఇద్దరూ అప్‌డేట్లన్నిటినీ ఒకే గాటన కట్టేసి మాట్లాడుతున్నారు. వాటిలో తేడా మీ కంప్యూటరే చూపిస్తుంది. టెర్మినల్ తెరిచి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’ కొట్టండి. పేరు అలా ఉన్నా అది దేన్నీ మార్చదు, కొత్తగా ఏమేం వచ్చాయో జాబితా తెచ్చుకుంటుంది, అంతే. ఆ తర్వాత ‘ఆప్ట్ లిస్ట్’ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు పెట్టి ‘అప్‌గ్రేడబుల్’ అని చేర్చండి. ఒక్కో ప్యాకేజీకి ఒక్కో వరుస వస్తుంది. ప్యాకేజీ పేరు, వెంటనే ఒక స్లాష్, దాని పక్కన జామీ-అప్‌డేట్స్ అని ఉంటుంది. కొన్నిటికి జామీ-సెక్యూరిటీ అని కూడా ఉంటుంది. జామీ అంటే 22.04కు పెట్టిన పేరు. సెక్యూరిటీ అన్న మాట ఉందా లేదా అన్నదే మీరు చూడాల్సింది.

ఉంటే ఆగొద్దు. ఒక లోపాన్ని సరిచేస్తూ అప్‌డేట్ విడుదలైందంటే, ఆ లోపం ఎక్కడుందో కూడా అదే రోజు లోకానికంతా తెలిసిపోయినట్టు. పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూస్తే కన్నం ఎక్కడ పూడ్చారో కనిపిస్తుంది. అది చూసేవాళ్లలో మంచివాళ్లే ఉండరు కదా. 2022 జనవరి 25న పీకేఎగ్జెక్ అనే ప్రోగ్రామ్‌లో లోపం బయటపెట్టారు. మామూలు యూజర్‌గా లాగిన్ అయినవాడెవడైనా దాంతో రూట్ అధికారం, అంటే కంప్యూటర్ మొత్తం మీద పెత్తనం, తెచ్చుకోవచ్చు. ఆ లోపం 2009 నుంచి, అంటే పన్నెండేళ్లకు పైగా, ఉబుంటు, డెబియన్ లాంటి దాదాపు ప్రతి పెద్ద లినక్స్ డిస్ట్రిబ్యూషన్‌లోనూ అలాగే ఉంది. విషయం బయటికొచ్చిన కొన్ని గంటల్లోనే దాన్ని వాడుకునే కోడ్ ఇంటర్నెట్‌లో దొరికింది. ఉబుంటు, డెబియన్‌ల నుంచి సరిచేసిన ప్యాకేజీ కూడా అదే రోజు వచ్చింది. అది వేసుకున్నవాళ్లకు పన్నెండేళ్ల ముప్పు ఒక్క పూటలో తీరిపోయింది. వేసుకోనివాళ్లకు మాత్రం ముప్పు ఆ రోజు నుంచే పెరిగింది.

ఆలస్యం చేస్తే ఏమవుతుందో చెప్పాలంటే నాకు ఎప్పుడూ 2017 గుర్తొస్తుంది. ఆ ఏడాది మార్చిలో అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఒక తీవ్రమైన లోపానికి ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే కోడ్, వచ్చింది. అమెరికాలో జనాల రుణ చరిత్రలు దాచే ఈక్విఫాక్స్ సంస్థలో ఒక సిస్టమ్‌కు ఆ ప్యాచ్ వేయలేదు. మేలో దొంగలు ఆ దారినే లోపలికి వెళ్లారు. దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. ప్యాచ్ ఉచితంగా, రెండు నెలల ముందు నుంచీ, అందుబాటులోనే ఉంది.

‘కానీ సెక్యూరిటీ అప్‌డేట్ వల్లే మళ్లీ ఏదైనా పాడైతే?’ అని మీకు అనిపిస్తుంది. డెబియన్ స్టేబుల్, ఉబుంటు ఎల్‌టీఎస్‌లు (మీ 22.04 లాంటి, ఎక్కువ కాలం అప్‌డేట్లు వచ్చే వెర్షన్లు) ఈ పని ఎలా చేస్తాయో చూస్తే ఆ అనుమానం చాలావరకు తగ్గుతుంది. 2024 జులై 1న, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో పెద్ద లోపం బయటపడింది. దాన్ని తయారుచేసేవాళ్లు 9.8 వెర్షన్‌లో సరిచేశారు. డెబియన్ 12లో ఉన్నది 9.2. డెబియన్ వాళ్లు జనం చేత 9.8కు మార్పించలేదు. ఆ లోపాన్ని సరిచేసే కోడ్ మేరకు తీసుకుని 9.2లోనే అతికించి, వెర్షన్ చివర ‘డెబ్12యూ3’ అని చేర్చి పంపారు. డెబియన్ 12 కోసం ఈ ప్యాకేజీకి చేసిన మూడో సవరణ అని దాని అర్థం. మీ సెట్టింగ్స్, ఫీచర్లు, మెనూలు ఏవీ మారవు. ‘నా వెర్షన్ ఇంకా 9.2 అనే చూపిస్తోంది, లోపం అలాగే ఉందా?’ అని కంగారుపడి బయటి నుంచి కొత్తది తెచ్చి వేసుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. చూడాల్సింది ఆ చివరి తోక.

కాబట్టి ల్యాప్‌టాప్‌లో సెక్యూరిటీ అప్‌డేట్లను మీరు కూర్చుని చేయక్కర్లేదు, దానంతట అదే చేసుకోనివ్వండి. ‘సాఫ్ట్‌వేర్ అండ్ అప్‌డేట్స్’లో అప్‌డేట్స్ ట్యాబ్ తెరిస్తే, సెక్యూరిటీవి వచ్చినప్పుడు ఆటోమేటిక్‌గా దించి ఇన్‌స్టాల్ చేయాలన్న ఆప్షన్ ఉంటుంది. మీరు మార్చకముందు ఉబుంటు పెట్టి ఇచ్చినది కూడా అదే. మిగతావాటికి వారానికోసారి చూపించడం అని ఉండేది. ఆ రెండూ తిరిగి అలాగే పెట్టేయండి. ఎప్పుడు చేయాలని మీరు అడిగినదానికి ఉబుంటు తయారుచేసినవాళ్లు మొదటి రోజే ఇచ్చిన జవాబు అది. నా జవాబు కూడా దాదాపు అదే.

సెక్యూరిటీ అన్న మాట లేనివాటికి వారం ఆగితే మీకు పోయేదేమీ లేదు. ఒక్కోసారి ఆగడమే మంచిదవుతుంది. 2023 డిసెంబర్‌లో డెబియన్ 12.3 విడుదల కావాల్సి ఉంది. అందులో వచ్చిన 6.1.64 కెర్నల్‌లో ఎక్స్‌ట్4 ఫైల్‌సిస్టమ్ (లినక్స్ డిస్క్ మీద ఫైళ్లు దాచే పద్ధతి) డేటాను పాడుచేసే బగ్ ఉందని ఆఖరి నిమిషంలో తేలింది. విడుదల ఆపేశారు, అప్‌గ్రేడ్ చేయొద్దని ప్రకటించారు, డిసెంబర్ 10న సరిచేసిన కెర్నల్‌తో 12.4 ఇచ్చారు. అంత జాగ్రత్తగా ఉండే డెబియన్‌లోనే ఇలా జరిగింది. ఆ శనివారం అప్‌డేట్ చేసినవాళ్లు గాబరాపడ్డారు. మర్నాటి వారం చేసినవాళ్లకు ఆ సంగతే తెలియదు.

ఉబుంటు అయితే ఈ ఆగడాన్ని తన పద్ధతిలోనే పెట్టుకుంది. మామూలు అప్‌డేట్‌ను మొదట పదో వంతు కంప్యూటర్లకు ఇస్తారు. క్రాష్ రిపోర్టులు ఏమీ పెరగకపోతే మెల్లమెల్లగా పెంచుకుంటూ, రెండు రోజులు దాటేసరికి అందరికీ ఇస్తారు. మీరు అప్‌గ్రేడ్ చేసినప్పుడు కొన్ని ప్యాకేజీలు ‘ఫేజింగ్’ వల్ల ఆగాయని టెర్మినల్ చెప్తే, అది ఎర్రర్ అనుకోకండి. మీ వంతు ఇంకా రాలేదని అర్థం. ఒక్కోదాన్ని పేరు పెట్టి బలవంతంగా ఇన్‌స్టాల్ చేస్తే ఆ రక్షణ మీరే వదులుకున్నట్టవుతుంది. సెక్యూరిటీవి మాత్రం ఇలా వంతులవారీగా రావు, అందరికీ ఒకేసారి వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఉబుంటులో కెర్నల్ అప్‌డేట్లు చాలామటుకు సెక్యూరిటీ పేరుతోనే వస్తాయి. అంటే ఆటోమేటిక్ పెట్టుకుంటే మీకు తెలియకుండానే కొత్త కెర్నల్ వచ్చి కూర్చుంటుంది. మళ్లీ నల్ల స్క్రీన్ రాదా? గమనించాల్సింది ఏమిటంటే, కొత్త కెర్నల్ డిస్క్ మీదికి వచ్చినంత మాత్రాన ఏమీ మారదు. మీరు రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తూ ఉంటుంది. కాబట్టి అసలు ముహూర్తం మీరు రీబూట్ చేసే పూట, దాన్ని ఎంచుకునేది మీరే. ఉబుంటులో రీబూట్ కావాల్సిన అప్‌డేట్ వస్తే వార్ ఫోల్డర్‌లోని రన్‌లో ‘రీబూట్-రిక్వైర్డ్’ అని ఒక ఫైల్ తయారవుతుంది. అది కనిపించిందంటే, తర్వాతి రెండు గంటలు ఏ పనీ లేని పూట చూసుకుని రీబూట్ చేయండి. రాత్రి పడుకునే ముందో, మీటింగ్‌కు పది నిమిషాల ముందో వద్దు. ల్యాప్‌టాప్‌ను మూత వేసి తెరవడమే తప్ప నెలల తరబడి రీబూట్ చేయనివాళ్లకు ఇంకో మాట: కెర్నల్ సరిచేసినా, మీరు రీబూట్ చేయనంతకాలం ఆ మరమ్మతు మీకు దక్కనట్టే.

లైబ్రరీలదీ, అంటే చాలా ప్రోగ్రామ్‌లు పంచుకుని వాడే కోడ్ ఫైళ్లదీ, ఇదే కథ. నడుస్తున్న ప్రోగ్రామ్ ఒక లైబ్రరీని మెమరీలోకి ఒకసారి తెచ్చుకున్నాక, డిస్క్ మీద దాని స్థానంలో కొత్త ఫైల్ వచ్చినా పాతదాన్నే పట్టుకుని ఉంటుంది. వెబ్‌సైట్ కనెక్షన్లను ఎన్‌క్రిప్ట్ చేసే ఓపెన్ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో లోపాన్ని సరిచేసి, వెబ్ సర్వర్‌ను రీస్టార్ట్ చేయకుండా వదిలేస్తే బయటి నుంచి వచ్చేవాడికి పాత కన్నమే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లో దీన్ని అంతగా పట్టించుకోనక్కర్లేదు, రోజూ ఆపి వేస్తుంటారు కాబట్టి. సర్వర్‌లో మాత్రం ఇది పెద్ద విషయం.

మీ డెబియన్ 12 సర్వర్ గురించి రెండు లైన్లే రాసి వదిలేశారు. నాకు ల్యాప్‌టాప్ కన్నా దాని మీదే ఎక్కువ ఆందోళనగా ఉంది. ల్యాప్‌టాప్ మీ ముందు ఉంటుంది, రౌటర్ వెనక ఉంటుంది. సర్వర్ ఇరవై నాలుగు గంటలూ ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబడి ఉంటుంది, దాని తలుపులు తట్టి చూసే ప్రోగ్రామ్‌లు ఆగకుండా తిరుగుతూనే ఉంటాయి. అక్కడ సెక్యూరిటీ అప్‌డేట్‌కు వారం గడువు లేదు. అదే రోజు, మహా అయితే మర్నాడు. ‘అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్’ అనే ప్యాకేజీ వేసి ఆన్ చేయండి, రోజూ అదే చూసుకుంటుంది. ‘నీడ్‌రీస్టార్ట్’ అనే ఇంకో ప్యాకేజీ కూడా వేసుకోండి. పాత లైబ్రరీని పట్టుకుని ఇంకా నడుస్తున్న సర్వీసులేవో అది పేరుపేరునా చెప్తుంది.

సర్వర్‌లో మీ చేతులతో అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఒక ప్రశ్న ఎదురవుతుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, నేను ఒకసారి అక్కడే దెబ్బతిన్నాను. మీరు మార్చుకున్న కాన్ఫిగ్ ఫైల్‌కు (సెట్టింగ్స్ ఉండే ఫైల్) ప్యాకేజీతోపాటు కొత్త రూపం వచ్చిందనుకోండి. అప్పుడు అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి, ఏం చేయమంటావని అడుగుతుంది. వై నొక్కితే కొత్త ఫైల్ వస్తుంది. ఎన్ నొక్కితే మీదే ఉంటుంది. డి నొక్కితే రెండింటికీ తేడా చూపిస్తుంది. ఏమీ టైప్ చేయకుండా ఎంటర్ కొడితే ఎన్ నొక్కినట్టే. నేను అప్పట్లో పనిచేసిన చోట ఒక శుక్రవారం సాయంత్రం, అందరూ బయల్దేరుతున్న వేళ, వెబ్ సర్వర్ అప్‌గ్రేడ్ మొదలుపెట్టాను. ఆ ప్రశ్న వచ్చింది. మిగతా ప్రశ్నలకు కొట్టినట్టే దీనికీ వై కొట్టేశాను. మేం రాసుకున్న సెట్టింగ్స్ పోయి ప్యాకేజీతో వచ్చిన ఫైల్ కూర్చుంది. సర్వర్ బాగానే లేచింది, సైట్ స్థానంలో ఒక ఖాళీ స్వాగత పేజీ వచ్చింది. మా పాత ఫైల్ అదే ఫోల్డర్‌లో, పేరు చివర ‘డీపీకేజీ-ఓల్డ్’ అని తగిలించుకుని భద్రంగానే ఉంది. ఆ సంగతి తెలియక రెండు గంటలు బ్యాకప్‌ల కోసం వెతికాను. అప్పటి నుంచి ఆ ప్రశ్న వస్తే ముందు డి నొక్కి తేడా చదువుతాను, అర్థం కాకపోతే ఎన్ నొక్కుతాను. ఎన్ నొక్కినా కొత్త ఫైల్ ‘డీపీకేజీ-డిస్ట్’ అన్న తోకతో పక్కన మిగిలే ఉంటుంది, తీరిగ్గా చూసుకోవచ్చు. శుక్రవారం సాయంత్రం మాత్రం సర్వర్ల జోలికి పోవడం మానేశాను.

ఆర్చ్ వాడే మీ ఫ్రెండ్ చెప్పినది అతని సిస్టమ్‌కు సరైన మాటే. ఆర్చ్‌లో వెర్షన్లంటూ ఉండవు, అంతా ఎప్పటికప్పుడు పారుతూ ఉంటుంది. ఒక్క ప్యాకేజీని మాత్రం కొత్తది చేసి మిగతావి పాతవి ఉంచే పద్ధతిని అక్కడ ఒప్పుకోరు. ఎక్కువ రోజులు ఆగితే ఒకేసారి మీద పడే మార్పులు కూడా ఎక్కువవుతాయి. అందుకే వాళ్లు తరచుగా చేస్తారు, చేసేముందు ఆర్చ్ వెబ్‌సైట్‌లో వార్తలు చదువుతారు. 2022 ఆగస్టులో గ్రబ్ అప్‌డేట్ వల్ల కొందరి ఆర్చ్ కంప్యూటర్లు బూట్ అవడమే ఆగిపోయాయి. కాబట్టి ఆ చదివే అలవాటు ఊరికే వచ్చింది కాదు. 2024లో ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్‌లో ఎవరో కావాలని దొంగదారి పెట్టారు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఎందుకు ఆలస్యమవుతోందని తవ్వుకుంటూ వెళ్లి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ మార్చి 29న దాన్ని బయటపెట్టారు. ఆ 5.6.0, 5.6.1 వెర్షన్లు అప్పటికే ఆర్చ్‌లోకి, డెబియన్ టెస్టింగ్‌లోకి వచ్చేశాయి. మీ ఉబుంటు 22.04లో ఉన్నది 5.2.5, మీ సర్వర్‌లో ఉన్నది 5.4.1. వాటిని ఆ దొంగదారి తాకనే లేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే. మీరు ఎంచుకున్న డిస్ట్రిబ్యూషన్లలో కొత్తదనం మీ దాకా వచ్చేలోపే ఎందరో మీ తరఫున ఆగి, చూసి పంపుతున్నారు. వాళ్లు ఆగాక మీరు ఇంకో ఐదు నెలలు ఆగడం వల్ల అదనపు రక్షణేమీ రాదు. కుప్ప పెరుగుతుంది, అంతే. ఏదైనా పాడైతే 342లో కారణం ఏదో ఎలా వెతుకుతారు? వారానికి పదో పదిహేనో వస్తే వెతకడం తేలిక.

నెట్‌కు ఎప్పుడూ కలపని కంప్యూటర్ అయితే, ఏదో మెషీన్‌ను నడిపించడానికే పెట్టినదైతే, కెలకొద్దన్న మొదటి ఫ్రెండ్ మాట నేనూ ఒప్పుకుంటాను. మీ ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ ఉంది, మెయిల్ ఉంది.

ఇప్పుడు ఆ 342 సంగతి. నంబర్ చూసి బెదిరిపోకండి. లిబ్రే ఆఫీస్ ఒక్కటే ఇరవైకి పైగా ప్యాకేజీలుగా వస్తుంది. కెర్నల్ కూడా నాలుగైదు ముక్కలుగా వస్తుంది. ఐదు వారాల గడువు ఉంది కాబట్టి ఈ శనివారమే చేసేయండి, వచ్చే నెలకు నెట్టకండి. థీసిస్ ఇచ్చే తేదీకి దగ్గరయ్యే కొద్దీ ధైర్యం తగ్గుతుంది.

శనివారం ఉదయం మొదట థీసిస్ ఫోల్డర్‌ను ల్యాప్‌టాప్‌కు బయట రెండు చోట్ల కాపీ చేయండి. తర్వాత టైమ్‌షిఫ్ట్ ఇన్‌స్టాల్ చేసి ఒక స్నాప్‌షాట్ తీయండి. ఇది సిస్టమ్ ఫైళ్లను దాస్తుంది. మీ సొంత ఫైళ్లను మామూలుగా దాచదు, అందుకే ఆ కాపీ విడిగా చేయమన్నాను. స్నాప్‌షాట్‌ను ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లో పెట్టాలనుకుంటే ఆ డ్రైవ్ ఎక్స్‌ట్4 లాంటి లినక్స్ ఫార్మాట్‌లో ఉండాలి, విండోస్ ఫార్మాట్‌లో ఉంటే తీసుకోదు. సిస్టమ్ అసలు లేవని పరిస్థితి వచ్చినా, మీరు ఉబుంటు ఇన్‌స్టాల్ చేయడానికి వాడిన పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, అక్కడ టైమ్‌షిఫ్ట్ ఇన్‌స్టాల్ చేసి తెరిచి ఉదయం ఉన్న స్థితికి తిరిగి రావచ్చు. ఆ పెన్‌డ్రైవ్ కూడా పక్కన పెట్టుకోండి. డిస్క్‌లో ఖాళీ ఉందో లేదో చూసుకోండి. డిస్క్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే బూట్ పార్టిషన్ వేరుగా, చిన్నగా ఉంటుంది. అది నిండిపోతే కెర్నల్ సగంలో ఆగిపోతుంది.

ఛార్జర్ పెట్టి ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, ఆ తర్వాత ‘సుడో ఆప్ట్ అప్‌గ్రేడ్’. ఈ రెండోది ఉన్న ప్యాకేజీ దేన్నీ తీసెయ్యదు. ఫుల్-అప్‌గ్రేడ్ అన్నది అవసరమైతే కొన్నిటిని తీసేస్తుంది కాబట్టి ఈసారికి దాని జోలికి వెళ్లకండి. మధ్యలో కరెంటు పోయో, విండో మూసుకుపోయో ఆగిపోతే ‘సుడో డీపీకేజీ’ కొట్టి, రెండు అడ్డగీతలతో ‘కాన్ఫిగర్’, ఖాళీ, ఒక అడ్డగీతతో ‘ఎ’ చేర్చండి. ఆగిన చోటు నుంచి అందుకుంటుంది. పూర్తయ్యాక రీబూట్ చేసి స్క్రీన్, వైఫై, సౌండ్ చూడండి. మూత వేసి తెరిచి చూడండి. థీసిస్ ఫైల్ తెరిచి ఒక పేజీ పీడీఎఫ్ చేయండి. నల్ల స్క్రీన్ వస్తే గ్రబ్ మెనూ, పాత కెర్నల్, ఎంటర్. ఈసారి మీకు దారి తెలుసు. పాత కెర్నల్‌తో పని చేసుకుంటూ, డ్రైవర్‌కు సరైన అప్‌డేట్ వచ్చేదాకా ఆగొచ్చు. ఇబ్బంది పెట్టే ప్యాకేజీ ఫలానాది అని తేలితే ‘ఆప్ట్-మార్క్ హోల్డ్’తో దాన్నొక్కదాన్నే ఆపండి. ఆపినట్టు ఎక్కడైనా రాసిపెట్టుకోండి, లేకపోతే రెండేళ్లు అలాగే ఉండిపోతుంది. అంతా బాగున్నా పాత కెర్నల్‌ను వెంటనే తుడిచెయ్యకండి, రెండు మూడు వారాలు ఉండనివ్వండి.

తర్వాతి మూడు వారాలూ శనివారం ఉదయం ఇదే పని, అప్పుడు పావుగంట కూడా పట్టదు. థీసిస్ ఇచ్చే ముందు వారం మామూలు అప్‌డేట్లు ఆపేయండి, రీబూట్ కూడా వద్దు. సెక్యూరిటీవి వాటంతటవే వచ్చి డిస్క్ మీద కూర్చుంటాయి, మీరు థీసిస్ ఇచ్చి వచ్చాక రీబూట్ చేయొచ్చు. ఫైర్‌ఫాక్స్ మీ ఉబుంటులో స్నాప్ అనే వేరే ప్యాకేజీ రూపంలో వస్తుంది కాబట్టి ఆప్ట్‌తో సంబంధం లేకుండా తనే అప్‌డేట్ అవుతుంది. యాప్ మూసేయమని, ఇన్ని రోజులే గడువని నోటిఫికేషన్ వస్తే, ఒకసారి మూసి కాసేపాగి తెరవండి, అదేమీ ప్రమాదం కాదు.

24.04కు ఎప్పుడు వెళ్లాలని మీరు అడగలేదు కానీ, ఆ విండో కూడా మీకు కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు నొక్కకండి. మీ 22.04కు 2027 ఏప్రిల్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఉచితంగా వస్తాయి. ఉబుంటు వాళ్లు కూడా 2024 ఏప్రిల్‌లో 24.04 ఇచ్చి, 22.04 వాడేవాళ్లకు అందులోకి దారి చూపించడానికి ఆగస్టు చివర్లో 24.04.1 వచ్చేదాకా ఆగారు. థీసిస్ ఇచ్చేశాక రాయండి, ఆ పని ఎలా చేయాలో అప్పుడు వివరంగా చూద్దాం. ఈలోగా శనివారం దాకా కూడా ఆగకుండా ఈ రాత్రికే సర్వర్‌లోకి లాగిన్ అయి, అక్కడ పెండింగ్‌లో ఎన్ని ఉన్నాయో చూడండి.